కరెంట్ పోయొచ్చాక హార్డ్ డిస్క్ "ఫార్మాట్ చేయాలా?" అని అడిగితే... ఏదీ నొక్కకండి!

పీసీ ఆన్ చేశారు. విండోస్ లోగో కింద "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్" అని వచ్చింది, పర్సంటేజ్ 11 దగ్గర ఆగి అరగంటైనా కదలట్లేదు. లేదంటే పీసీ మామూలుగానే ఓపెన్ అయింది గానీ, ఫొటోలన్నీ ఉన్న డి డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తే "ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని ఓ చిన్న బాక్స్ వచ్చింది. కింద రెండు బటన్లు. పదేళ్ల ఫొటోలు ఉండేదీ పోయేదీ మీరు వాటిలో ఏది నొక్కుతారన్న దాని మీదే.

యూట్యూబ్‌లో దీనికి వీడియోలు బోలెడు. దాదాపు అన్నీ ఒకటే పాట: కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చెయ్, చెక్‌డిస్క్ కొట్టు, అయిపోయింది. చాలాసార్లు నిజంగానే అయిపోతుంది. కానీ డిస్క్ లోపల దెబ్బతిని ఉంటే మాత్రం, అదే కమాండ్ కొనఊపిరితో ఉన్న డిస్క్‌ని గంటల తరబడి పరిగెత్తించి పూర్తిగా పడుకోబెడుతుంది. మీది ఏ కేసో తెలుసుకోకుండా రిపేర్ మొదలుపెట్టకూడదు. తెలుసుకోవడానికి పట్టేది పది నిమిషాలే.

పహాణీ వేరు, చేను వేరు

వికారాబాద్, తాండూరు వైపు మావాళ్లకి ఇది చెప్పాలంటే నేను భూమి లెక్కలో చెప్తా. వెంటనే అర్థమైపోతుంది.

హార్డ్ డిస్క్ అంటే చేను. అందులో చిన్న చిన్న మడులు ఉంటాయి, వాటినే క్లస్టర్లు అంటారు. మన విండోస్ పీసీల్లో ఒక్కోటి మామూలుగా 4 కేబీ. ఫైల్ సిస్టమ్ అంటే పహాణీ. ఏ మడి ఎవరిది, ఎంత, ఏది ఖాళీ అన్నీ అందులో రాసి ఉంటాయి. 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌నే ఇప్పటికీ విండోస్ వాడుతోంది. అందులో ఈ పహాణీ పేరు మాస్టర్ ఫైల్ టేబుల్, షార్ట్‌గా ఎంఎఫ్‌టీ. ప్రతి ఫైల్‌కీ, ప్రతి ఫోల్డర్‌కీ అందులో ఒక ఎంట్రీ ఉంటుంది. ఆ టేబుల్‌లో మొదటి నాలుగు ఎంట్రీలు ఎంత ముఖ్యమంటే, వాటికి ఇంకో కాపీ డిస్క్‌లో వేరే చోట పెట్టి ఉంచుతుంది.

పహాణీలో పేరు తప్పు పడినంత మాత్రాన చేను ఎక్కడికీ పోదు. అలాగే "ఫైల్ ఆర్ డైరెక్టరీ కరప్ట్ అయింది" అన్నా, డ్రైవ్ పక్కన ఎన్‌టీఎఫ్‌ఎస్ బదులు "రా" అని చూపించినా, మీ ఫొటోలు ఎక్కువసార్లు ఉన్నచోటే ఉంటాయి. ఎక్కడున్నాయో చెప్పే కాగితం మాత్రమే చిరిగింది. ఇది లాజికల్ ఎర్రర్.

కానీ కాగ్నా ఒడ్డున ఉన్న చేను వరదకి కోసుకుపోతే? అప్పుడు పహాణీని ఎంత దిద్దినా లాభం లేదు. డిస్క్ మీద సెక్టార్లు చెడిపోవడం అంటే ఇదే. ఇది ఫిజికల్ ఎర్రర్. బయటికి మాత్రం రెండూ ఒకే మెసేజ్‌తో కనిపిస్తాయి, అదే అసలు చిక్కు.

చెక్‌డిస్క్ చేసే పని ఏంటో కూడా ఇక్కడే తేలిపోతుంది. అది రికార్డులు సరిచేసే ఆఫీసర్. రికార్డులో ఎక్కడా గొడవ లేకుండా చూడటం దాని డ్యూటీ. మీ ఫైల్‌ని మీకు అప్పజెప్పడం దాని డ్యూటీ కాదు. రెండు ఫైళ్లు "ఆ క్లస్టర్ మాది" అంటే తగువు తెంచేస్తుంది, ఎవరిది నిజమో దానికి తెలీదు. ఒక ఎంట్రీ అర్థం కాకపోతే కొట్టేస్తుంది. పాస్‌బుక్‌లో తప్పు పడి ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. అందుకే చెక్‌డిస్క్ అయ్యాక "నో ఫర్దర్ యాక్షన్ ఈజ్ రిక్వైర్డ్" అని వచ్చినా, లోపల కొన్ని ఫైళ్లు మాయమై ఉండొచ్చు.

కరెంట్ పోతే ఫైల్ ఎందుకు పాడవుతుంది?

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి జర్నల్ ఉంటుంది కదా, ఇంకేం ప్రాబ్లం అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. టేబుల్‌లో మార్పు చేసేముందు "నేను ఈ మార్పు చేయబోతున్నా" అని ఒక లాగ్‌లో రాసుకోవడమే జర్నల్. మధ్యలో కరెంట్ పోతే, మళ్లీ ఆన్ అయినప్పుడు ఆ లాగ్ చూసి సగంలో ఆగిన పనిని పూర్తి చేస్తుంది, లేదా వెనక్కి తీసుకుంటుంది. లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4 కూడా ఇలాంటిదే చేస్తుంది.

కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఈ లాగ్‌లో రాసేది పహాణీ మార్పులు మాత్రమే. ఫైల్ లోపలి డేటా రాయదు. పైగా మీరు సేవ్ కొట్టిన వెంటనే డేటా నేరుగా డిస్క్ మీదికి వెళ్లదు. కొంచెంసేపు ర్యామ్‌లో, ఆ తర్వాత డిస్క్‌లోనే ఉండే చిన్న క్యాష్ మెమరీలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంట్ పోయిందనుకోండి, ఫైల్ పేరు ఉంటుంది, సైజు కూడా కరెక్ట్‌గా చూపిస్తుంది, ఓపెన్ చేస్తే లోపలంతా సున్నాలే. ఫైల్ సిస్టమ్ దృష్టిలో ఇందులో తప్పేం లేదు! ఎన్నిసార్లు చెక్‌డిస్క్ చేసినా ఆ ఫైల్ బాగవ్వదు. దానికి మందు బ్యాకప్ ఒక్కటే.

పెన్ డ్రైవ్‌లలో వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకైతే మామూలుగా ఈ జర్నల్ కూడా ఉండదు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని టీవీకి పెట్టి, సినిమా అయిపోగానే పీకేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. టీవీ ఆ టైంలో డిస్క్ మీద ఏదైనా రాస్తుంటే ఆ ఫైల్ సిస్టమ్ అక్కడికక్కడే దెబ్బతింటుంది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకి "క్విక్ రిమూవల్" డీఫాల్ట్ అయింది కాబట్టి పీసీలో కొంచెం నయం. అయినా కాపీ జరుగుతుండగా పీకితే ఏ సెట్టింగూ కాపాడదు.

తాండూరు దుమ్ము నిజంగా డిస్క్‌లోకి వెళ్తుందా?

ఈ డౌట్ నాకు చాలాసార్లు ఎదురైంది. తాండూరు అంటే కందిపప్పు, నాపరాయి. పాలిషింగ్ యూనిట్ల దగ్గర్లో ఇల్లుంటే టేబుల్ పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ తెల్లగా అవుతుంది. "ఆ దుమ్మంతా హార్డ్ డిస్క్‌లోకి పోయి ఖరాబైంది" అని ఎవరైనా అంటే నమ్మబుద్ధేస్తుంది.

మామూలు హార్డ్ డిస్క్‌కి గాలి ఆడటానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, నిజమే. కానీ దాని లోపల ఫిల్టర్ ఉంటుంది. డిస్క్ పళ్లేనికీ, దానిమీద తేలే హెడ్‌కీ మధ్య గ్యాప్ కొన్ని నానోమీటర్లే. ఆ గ్యాప్‌లోకి రాతి దుమ్ము వెళ్లే పరిస్థితి ఉంటే ఆ డిస్క్ ఒక్కరోజు కూడా పనిచేయదు. కాబట్టి ఆ రంధ్రానికి స్టిక్కర్ అంటించడం లాంటి తెలివితేటలు వద్దు.

దుమ్ము దెబ్బ కొట్టేది బయట. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్‌లో పేరుకుని గాలి ఆడనివ్వదు. దాంతో ఎండాకాలం క్యాబినెట్ లోపల వేడి పెరుగుతుంది, పవర్ సప్లై వోల్టేజ్ తడబడుతుంది. ఇంకోటి సాటా కేబుల్. ఆ కనెక్టర్ లూజైతే, లేదా పిన్నుల మీద మురికి చేరితే, డిస్క్ నుంచి బోర్డుకి వెళ్లే డేటాలో తప్పులొస్తాయి. డిస్క్ బంగారంలా ఉన్నా విండోస్ మాత్రం ఎర్రర్లు చూపిస్తుంది. డిస్క్ పోయిందని కొత్తది కొనే ముందు కేబుల్ మార్చి చూడండి. దాని ఖరీదు బిర్యానీ కన్నా తక్కువే.

మామ ఫోన్ కాల్

మొన్న వానాకాలంలో తాండూరు నుంచి మా మేనమామ ఫోన్.

"అరేయ్, కంప్యూటర్ ఫార్మాట్ చేయాల్నా అని అడుగుతుంది. ఎస్ కొట్టాల్నా?"

"వద్దు మామా! ఏం ముట్టకు. ఆ బాక్స్ క్లోజ్ చేసి షట్‌డౌన్ చెయ్యి."

"దుకాణంల అడిగితే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఏసిస్త అన్నడు."

"లెక్కలన్నీ అందులనే ఉన్నయి గదా?"

"అందులనే ఉన్నయి రా. మీ అమ్మమ్మ ఫొటోలు గూడ."

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ ఫొటోలు ఇంకెక్కడా లేవు. ఆ వీకెండ్ లింగంపల్లిలో రైలెక్కా.

ఇంతకీ ఆ బాక్స్‌లో ఫార్మాట్ నొక్కితే ఏమవుతుందో చెప్పాలి. నొక్కగానే వచ్చే విండోలో "క్విక్ ఫార్మాట్" అని టిక్ ఉంటుంది. అది ఖాళీ పహాణీ ఒకటి కొత్తగా రాసేస్తుంది, చేను జోలికి పెద్దగా పోదు. అప్పుడు కూడా రికవరీకి ఛాన్స్ ఉంటుంది. ఆ టిక్ తీసేసి చేస్తే మాత్రం, విండోస్ విస్టా నుంచి డిస్క్ మొత్తం సున్నాలు రాస్తుంది. ఇక ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ తిరిగి తేలేదు. ఎస్‌ఎస్‌డీలో అయితే క్విక్ ఫార్మాట్ కూడా ప్రమాదమే. ట్రిమ్ అనే కమాండ్ వెళ్లి ఖాళీ అనుకున్న భాగాన్నంతా ఎస్‌ఎస్‌డీ తనంతట తనే తుడిచేస్తుంది.

ముందు డిస్క్ నాడి చూడాలి

మామ పీసీలో విండోస్ సి డ్రైవ్ వేరే చిన్న ఎస్‌ఎస్‌డీలో ఉంది, డేటా అంతా 1 టీబీ హార్డ్ డిస్క్‌లో. నేను మొదట చేసిన పని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఇన్‌స్టాల్ చేయడం. ఫ్రీ సాఫ్ట్‌వేర్, చిన్నది. దాన్ని ప్రాబ్లం ఉన్న డిస్క్‌లో మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది, దాన్నే స్మార్ట్ డేటా అంటారు. ఈ సాఫ్ట్‌వేర్ అది చదివి చూపిస్తుంది.

పైన "గుడ్" అని నీలం రంగులో కనిపించగానే సంతోషపడకండి. కింద లిస్ట్‌లో నాలుగు లైన్లు చూడాలి. 05 అంటే డిస్క్ ఇప్పటికే చెడిపోయిన సెక్టార్ల బదులు స్పేర్‌వి వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. సీ6 ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. సీ7 కేబుల్‌లో వచ్చిన తప్పుల కౌంట్. వేల డిస్క్‌లు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ కంపెనీ కూడా డిస్క్ పోయేముందు సిగ్నల్స్ కోసం చూసే వాటిలో 05, సీ5, సీ6 ఉన్నాయి. నంబర్లు మొదట హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, అంటే 10 అని ఉంటే నిజానికి 16. కంగారుపడకుండా సెట్టింగ్స్‌లో డెసిమల్‌కి మార్చుకోండి.

సీ5 సున్నా కాకపోతే డిస్క్ నమ్మకం కోల్పోయిందనే అర్థం. 05లో చిన్న నంబర్ ఉండి నెలల తరబడి పెరగకపోతే అంత భయం లేదు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ చూడాలి. ఇది ఎప్పటికీ తగ్గదు కాబట్టి, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూసుకోవాలి.

మామ డిస్క్‌లో సీ7 వందల్లో ఉంది, సీ5 దగ్గర 8. అంటే కేబులూ బాలేదు, డిస్కూ బాలేదు. చేను అంచు కోసుకుపోతోంది, అదే టైంలో పహాణీ కూడా చిరిగింది.

ఇలాంటప్పుడు చెక్‌డిస్క్ అసలు డిస్క్ మీద చేయకూడదు. ముందు డిస్క్‌ని మొత్తంగా ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయాలి. మామూలు కాపీ-పేస్ట్ పనికిరాదు, ఒక చోట చదవలేకపోతే అక్కడే వేలాడుతుంది. దీనికి లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని ఉంది, లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి వాడొచ్చు. దాని తెలివి నాకు చాలా నచ్చుతుంది. ముందు సులభంగా వచ్చే భాగాలన్నీ గబగబా తీసుకుంటుంది, కష్టమైన చోట ఆగకుండా దాటి, చివర్లో వెనక్కి వచ్చి వాటి సంగతి చూస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో కరెంట్ పోయినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. కొత్త డిస్క్ సైజు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. కమాండ్‌లో ముందు పాత డిస్క్ పేరు, తర్వాత కొత్తది రాయాలి. ఇవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది! డిస్క్ మీద స్టిక్కర్‌లోని సీరియల్ నంబర్, స్క్రీన్ మీద నంబర్ పోల్చి చూశాకే ఎంటర్ కొట్టండి.

కేబుల్ మార్చి, సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనాలయ్యాక కూడా నడుస్తూనే ఉంది. చివరికి చదవలేకపోయింది 8 సెక్టార్లు, అంటే 4 కేబీ. ఆ 4 కేబీ ఏదో పాత సినిమా ఫైల్ మధ్యలో పడింది. ఇంత అదృష్టం ప్రతిసారీ ఉండదు లెండి.

ఇప్పుడు చెక్‌డిస్క్

కాపీ చేతిలో ఉంటే ఇక ధైర్యంగా చేయొచ్చు. స్మార్ట్ డేటా క్లీన్‌గా ఉన్నవాళ్లు, ముఖ్యమైన ఫోల్డర్లు బయటికి తీసుకుని నేరుగా ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అనే ఆరు ఇంగ్లీష్ అక్షరాలు కలిపి టైప్ చేసి, స్పేస్ ఇచ్చి డ్రైవ్ లెటర్, పక్కనే కోలన్ పెట్టండి. ఇంకేం పెట్టకుండా ఎంటర్ కొడితే అది చూసి చెప్తుంది తప్ప ఏదీ మార్చదు. మొదటిసారి ఎప్పుడూ ఇలాగే చేయండి. చివర్లో స్లాష్ ఎఫ్ చేరిస్తే దిద్దుతుంది. సి డ్రైవ్ అయితే "ఇప్పుడు కుదరదు, రీస్టార్ట్‌లో చేయనా?" అంటుంది, వై కొట్టాలి.

స్లాష్ ఆర్ అని ఇంకోటి ఉంది, వీడియోల్లో అందరూ నేరుగా ఇదే చెప్తారు. ఇది డిస్క్‌లో ప్రతి సెక్టార్‌నీ చదివి చూస్తుంది. 1 టీబీ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చదివినా 10,000 సెకన్లు, అంటే దాదాపు మూడు గంటలు. చెడ్డ సెక్టార్లు తగిలితే ఒక్కో దాని దగ్గర తడుముకుంటూ రాత్రంతా పడుతుంది. మొదట్లో చెప్పిన ఆ 11 పర్సెంట్ దగ్గర ఆగడం చాలాసార్లు ఇదే. డిస్క్ లైట్ వెలుగుతుంటే వదిలేయండి, పవర్ బటన్ నొక్కి ఆపకండి. కానీ టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఆపేయాల్సిందే. అది సాఫ్ట్‌వేర్ పని కాదు, హెడ్ పోతోంది.

డ్రైవ్ "రా" అని ఉంటే చెక్‌డిస్క్ ఆ డ్రైవ్‌ని ముట్టుకోదు, కుదరదని చెప్పేస్తుంది. మామ డిస్క్ ఇదే బాపతు. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్‌కి ఒక కాపీని పార్టిషన్ చివర్లో దాచుకుంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ఫ్రీ టూల్‌తో ఆ కాపీని ముందుకు తెచ్చి పెడితే డ్రైవ్ మళ్లీ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయింది. ఆ తర్వాతే స్లాష్ ఎఫ్. అదంతా కొత్త డిస్క్‌లోని కాపీ మీదే చేశా, పాతది పీకి పక్కన పెట్టేశాం.

చెక్‌డిస్క్ అయ్యాక చాలామంది చూడని చోటు ఒకటుంది. డ్రైవ్‌లో "ఫౌండ్.000" అని ఓ హిడెన్ ఫోల్డర్ వస్తుంది. తల్లిదండ్రులు ఎవరో తెలియని ఫైళ్లనీ ఫోల్డర్లనీ అందులో పడేస్తుంది. పేర్లు పోయి అన్నిటికీ సీహెచ్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. చెత్త అనుకుని డిలీట్ చేయకండి. మామ ఫొటోల ఫోల్డర్ అందులోనే దొరికింది, పేరు మాత్రమే మారింది, లోపల అన్నీ అలాగే ఉన్నాయి. ఫోల్డర్ కూడా దొరక్కపోతే టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫొటోరెక్ ఉంది. అది పహాణీ అసలు చూడదు, నేరుగా చేలో నడుస్తూ వెతుకుతుంది. ప్రతి జేపెగ్ ఫొటో ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అనే బైట్లతో మొదలవుతుంది కాబట్టి వాటిని గుర్తుపడుతుంది. ఫైళ్ల పేర్లు రావు, కానీ ఫొటోలొస్తాయి.

చెక్‌డిస్క్ ఏం కొట్టేసిందో తెలియాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్స్‌కి వెళ్లి, విన్‌ఇనిట్ పేరుతో 1001 నంబర్ ఈవెంట్ చూడండి. బూట్ టైంలో జరిగిన రిపేర్ రిపోర్ట్ మొత్తం అక్కడ ఉంటుంది.

టిక్ టిక్ శబ్దం వచ్చే డిస్క్‌కి, లేదా అసలు డిటెక్టే అవ్వని డిస్క్‌కి ఇవేవీ పనిచేయవు. సికింద్రాబాద్ సీటీసీ వైపు డేటా రికవరీ చేసేవాళ్లు ఉంటారు. వెళ్లేముందు ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం అనే కోరిక చంపుకోండి. రైల్లో తీసుకెళ్తే బట్టలో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. "డేటా రాకపోతే ఎంత ఛార్జ్?" అని డిస్క్ ఇచ్చేముందే అడగండి. డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కూడా కావాలి, అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది.

మామ ఇంట్లో ఇంకో సంగతి గమనించా. ఇన్వర్టర్ ఉంది, పీసీ కూడా దానికే కనెక్ట్ అయి ఉంది, అయినా కరెంట్ పోగానే పీసీ ఆఫ్! చాలా హోమ్ ఇన్వర్టర్ల వెనకో ముందో "యూపీఎస్", "నార్మల్" అని ఓ చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిట్లో నార్మల్ బదులు "ఎకో" అని రాసుంటుంది. నార్మల్‌లో ఉంటే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి కొంచెం ఎక్కువ టైం తీసుకుంటుంది. ఫ్యాన్‌కి, లైట్‌కి అది తెలీదు, పీసీ మాత్రం పడిపోతుంది. యూపీఎస్ వైపు పెడితే మార్పు వేగంగా జరిగి పీసీ ఆగకుండా నడుస్తుంది. కొన్నప్పటి నుంచి అది నార్మల్‌లోనే ఉందట. మార్చి, మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి చూశాం. పీసీ కదల్లేదు.